నగిషీ తాత ఎడమ చెవి

మనవరాలి పెళ్ళి శుభలేఖలు ప్రెస్సు నుంచి వచ్చాయి. తనే కట్ట విప్పి మొదటిది తెచ్చి నా చేతిలో పెట్టింది. కళ్ళజోడు వెతుక్కునేలోగా నా బొటనవేలు అట్ట మీదున్న వినాయకుడి బొమ్మ మీదికి వెళ్ళింది. బొమ్మ చదునుగా లేదు. తొండమూ బొజ్జా కాగితంలోంచి పైకి లేచి ఉన్నాయి. తిప్పి చూస్తే వెనక అంతమేరా గుంట. నా వేలు చురుక్కుమన్నట్టు వెనక్కి వచ్చేసింది.

"ఎంబాసింగ్ తాతయ్యా. బావుందా?" అంది పిల్ల.

"బావుందమ్మా" అన్నాను. ఆ గొంతు నాది కానట్టు ఉంది.

శుభలేఖ చూసి జడుసుకునే ముసలాణ్ణి మీరెక్కడైనా చూశారా? నన్ను చూడండి. కాగితం మీద గానీ, గిన్నె అంచున గానీ, గుడి తలుపు మీద గానీ ఆవగింజంత ఎత్తు వేలికి తగిలితే చాలు, చోడవరంలో ఒక తాటాకు పాక నా ముందుకొచ్చి నిలబడుతుంది. అందులో కాగుతున్న గుగ్గిలం వాసన. పని మీదికి వంచిన ఒక తల. ఆ తల పైకెత్తి నావైపు చూస్తుందేమోనని నా భయం. అది ఒక్కసారే నావైపు తిరిగింది. ఆ ఒక్కసారి చాలింది.

ఊళ్ళో అందరూ ఆయన్ని నగిషీ తాత అనేవారు. అసలు పేరు నాకు తెలుసు. రాయను. ఆ పేరు రాయడానికి నాకు మొహం చెల్లదు.

యాభైల్లో నేను హైస్కూలులో తెలుగు మాస్టరుగా చోడవరం వెళ్ళాను. కొత్తగా పెళ్ళయింది. అద్దెకి దిగిన ఇంట్లో ఇత్తడి బిందె సొట్టపోతే, ఆ సొట్ట తియ్యడానికి వచ్చాడాయన. లోపలికి వచ్చే ముందు గుమ్మాన్ని వేలి కణుపుతో కొట్టాడు. స్తంభాన్ని కొట్టాడు. పడమటి గోడని కొట్టి, కళ్ళు మూసుకుని, ఎడమ చెవి అటు వంచి విన్నాడు.

"మాస్టరూ, ఈ గోడ పక్కన మంచం ఎయ్యకు" అన్నాడు.

"ఏం తాతా?"

"డొల్ల."

నేను నవ్వాను. నా భార్య నవ్వలేదు. ఆయన వీధి దాటకముందే మంచం తూర్పు గోడ వారకి లాగించింది. ఆ ఏడు దసరా వెళ్ళాక పట్టిన ముసురుకి ఒక మిట్టమధ్యాహ్నం పడమటి గోడ కూర్చున్నపళంగా కూలిపోయింది. మంచం ఉన్న చోట మోకాలెత్తు మట్టి. అప్పట్నించి మా ఇంట్లో ఆయన చెవికి ఎదురు లేదు. కొనే బూరెల మూకుడు దగ్గర్నించి వండే పనసకాయ దాకా నా భార్య ఆయన చేత కొట్టించి చూపించుకోవలసిందే.

ఒక్క మా ఇంట్లోనే కాదు. సంతలో కుండలు కొనేవాళ్ళు "తాతా, ఓపాలి కొట్టి సూడు" అని ఆయన్ని నిలబెట్టేవారు. ఆయన గోటితో ఒక్కటి కొట్టి ఎడమ చెవి వంచేవాడు. "ఇది వద్దు, అది అట్టుకెల్లు" అనేవాడు. కుండలమ్మేవాళ్ళు ఆయన్ని చూడగానే మొహం ముడుచుకునేవారు. కాఫీ ఇస్తే గ్లాసుని కూడా గోటితో మీటిగాని తాగేవాడు కాదు. ఒకసారి మా ఆవిడ "మా కాఫీ మీద కూడా అనుమానమా తాతా?" అంది. "కాఫీ మీద కాదమ్మా, గలాసు మీద. కాఫీ మోసం సెయ్యదు" అన్నాడు.

చిన్నప్పుడు అమ్మవారు పోసి బతికిన మొహం ఆయనది. చెంపలనిండా స్ఫోటకం మచ్చలు. అద్దంలో చూసుకున్నప్పుడల్లా నవ్వుకుంటాననేవాడు. "నాను రేకుని పైకెత్తుతాను, ఆయమ్మ నా మొకాన్ని లోపలికి కొట్టింది. ఇద్దరివీ సుత్తి పనులే మాస్టరూ. ఆయమ్మ సెయ్యి మాత్తరం నాకంటే గట్టిది" అనేవాడు. అంటూనే రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకునేవాడు. ఆ జోడించడంలో వేళాకోళం ఉండేది కాదు. ఆయన అమ్మవారికి నిజంగా, నిలువెల్లా భయపడేవాడు. "బయం ఉన్నోడికే సెయ్యి నిదానంగా ఉంటాది" అని ఆయన మాట.

ఆయన పని చూడాలి. గుగ్గిలం, ఇటుకపొడి, నూనె కలిపి వండిన నల్లటి ముద్దని చెక్క మీద పరిచేవాడు. వెండి రేకుని దానిమీద బోర్లించి అతికించేవాడు. ఇక రేకు వెనకనుంచి మొద్దు ఉలితో, చిన్న సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ పోవడమే. వెనక ఎంత గుంటపడితే ముందు అంత ఎత్తు లేస్తుంది. కొట్టగా కొట్టగా రేకు గట్టిపడితే ఊడదీసి, కాల్చి, మెత్తబరిచి మళ్ళీ అతికించేవాడు. అలా గుడి తలుపుల తాపడాలు, దేవుళ్ళ తొడుగులు, పళ్ళేల అంచులు చేసేవాడు. లేచిన పని ఏదైనా సరే, జనం దాన్ని నగిషీ అనేవారు. ఆయనకి ఆ పేరే ఉండిపోయింది.

"నువ్వు కొట్టేది వెనక, మొహం వచ్చేది ముందు. చూడకుండా ఎలా తెలుస్తుంది తాతా?" అని మొదట్లో అడిగాను. అప్పుడాయన పనిలో లేడు, చుట్ట కాల్చుకుంటున్నాడు.

"కంటితో కాదు మాస్టరూ. రేకు మందంగా ఉన్నంతసేపూ దాని గొంతు ఒకలాగుంటాది. పల్సబడే కొద్దీ గొంతు సన్నబడతాది. ఇంక వొద్దు అని అదే సెప్తాది. అది సెప్పినప్పుడు ఇనకపోతే సిల్లే. సిల్లు పడిన మొకం పూజకి పనికిరాదు. బిన్నం."

అందుకని ఆ పాకలో ఒకటే కట్టుబాటు. సుత్తి ఆడుతున్నంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదు. అన్నం తెచ్చిన కూతురు కూడా గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేది. ఆమెని బుచ్చయ్యపేట ఇచ్చారు, పుట్టింటికి వచ్చినప్పుడు తండ్రితో మాట్లాడాలంటే ఉలి కిందపెట్టేదాకా కాచుక్కూచునేది. నాకు మాత్రం ఆయన ఎడమ పక్కన ఒక పీట ఇచ్చాడు. ఊరికే కూచుంటానన్న నమ్మకం మీద.

నా జబ్బు మీకు చెప్పాలి. ఆ రోజుల్లో నేను మాటలు పోగుచేసేవాణ్ణి. నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి జేబులో ఉండేది. బెల్లం వండేవాళ్ళ మాటలు, బళ్ళు తోలేవాళ్ళ మాటలు, చాపలు అల్లేవాళ్ళ మాటలు రాసుకునేవాణ్ణి. ఏ మాట ఎక్కడ పుట్టింది, ఎవరి నోట పెరిగింది అని కనబడ్డ ప్రతివాణ్ణీ పీడించేవాణ్ణి. చెరుకు గానుగ దగ్గర ఒకాయన విసుగొచ్చి "మాటలకి పుట్టుక సూత్తావేటి బాబూ, బెల్లం తిను" అన్నాడు. అయినా బుద్ధి రాలేదు. ఏదో ఒకనాడు అదంతా పుస్తకమవుతుందనీ, దాని మీద నా పేరు ఉంటుందనీ నాకు లోపల పెద్ద ఆశ.

గోడ కూలిన మరుసటి వేసవి మొదట్లో దేవరాపల్లి వైపునుంచి కబురు వచ్చింది. అక్కడ అమ్మవారు తిరుగుతోందని. స్ఫోటకమని ఎవరూ అనేవారు కాదు. ఆ మాట నోట అనడానికే భయం. "ఆయమ్మ వస్తంది" అనేవారు, అంతే. ఊరి పెద్దరైతు చావిట్లో జనం కూడి, రాబోయే పండగకి అమ్మవారికి వెండి మొహం చేయించి పెడదామని మొక్కుకున్నారు. ఇంటికో వెండి ముక్క ఇచ్చారు. అరిగిపోయిన మొలతాళ్ళు, జత తప్పిన మెట్టెలు, విరిగిన కుంకంభరిణెలు. నా భార్యకి అప్పుడు ఆరో నెల. తన చిన్నప్పటి పట్టీలు తీసుకెళ్ళి ఇచ్చింది. "పుట్టేవాళ్ళకి దాచావు కదా" అంటే, "పుట్టాలి కదండీ ముందు" అంది.

నెలా పదిరోజులు పట్టింది పని. సాయంత్రాలు బడి విడిచిపెట్టగానే వెళ్ళి నా పీట మీద కూచునేవాణ్ణి. రేకు వెనక్కి తిరిగి ఉండేది కనక నాకు కనబడేది గుంటలే. నుదురు గుంట, చెంపల గుంటలు, పెదవుల గుంట. అన్నిటికంటే ఎత్తైనది ముక్కు. అందుకని అది ఆఖరున. అక్కడ వెండి సాగి సాగి ఉల్లిపొరలా అవుతుందట. ముక్కు మొదలెట్టిన రోజున ఆయన చుట్ట ముట్టలేదు, నాతో ఒక్క మాట ఆడలేదు.

ఆ మర్నాడు నేను అనకాపల్లి నుంచి బస్సులో వస్తున్నాను. పక్కన కూచున్న పెద్దాయన, పార్సీ చదువుకున్న సాయిబుగారు, మాటల్లో మాటగా నగిషీ అన్నది తెలుగు మాటే కాదన్నారు. దాని మూలంలో గీయడం, బొమ్మ వెయ్యడం అనే అర్థం ఉందిట. పొలాలకి గీసే నక్షా కూడా ఆ గూటి పక్షేనట. నాకు ఆనందం పట్టలేదు. మరి వెనకనుంచి ఎత్తే పనికి గీత అనే మాట ఎలా వచ్చింది? ఈ ప్రశ్న బస్సు దిగేదాకా నన్ను కూచోనివ్వలేదు. ఇంటికి కూడా వెళ్ళకుండా తిన్నగా పాకకి వెళ్ళాను.

సుత్తి ఆడుతోంది. ఆయన తల బాగా కిందికి వంగి ఉంది, ఎడమ చెవి దాదాపు రేకుని తాకుతోంది. పీట మీద కూచున్నాను. ఎంతసేపు ఆగానో తెలీదు, ఆగానన్నది మాత్రం నిజం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మాట ఆపుకోలేని నోరు. లోగొంతుకతో, మెల్లగా అడిగితే ఫరవాలేదనుకున్నాను.

"తాతా, నగిషీ అంటే మీవాళ్ళలో అసలు అర్థం ఏమిటి? ఆ మాట మీదేనా, ఎక్కణ్ణించైనా వచ్చిందా?"

ఆయన తల ఎత్తి నావైపు చూశాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. నలభై రోజులుగా ఆడుతున్న చెయ్యి, అది తన లెక్కన ఇంకో దెబ్బ వేసింది.

టిక్కుమంది.

చాలా చిన్న చప్పుడు. నాకే తెలిసిందంటే ఆయనకి ఎలా తెలిసిందో ఊహించుకోండి. సుత్తి కింద పెట్టాడు. చేతులు తొడలకి తుడుచుకున్నాడు. గుగ్గిలానికి వేడి చూపించి రేకు ఊడదీసి, నూనెగుడ్డతో తుడిచి, కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. అప్పుడు మొదటిసారి నేను ఆ మొహం ముందునుంచి చూశాను. తల్లి నన్నే చూస్తున్నట్టుంది. కుడి ముక్కుపుటం మీద సూదిమొనంత చిల్లు. అందులోంచి ఎండ సన్నగా వచ్చి ఆయన మచ్చల చెంప మీద పడింది.

"తలుపెయ్యి మాస్టరూ" అన్నాడు.

వేశాను. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ మొహాన్ని ఒళ్ళో పెట్టుకుని, నావైపు చూడకుండా అడిగాడు.

"సెప్పీమంటావా, మూసీమంటావా?"

"చెపితే?"

"కరగబెట్టి మల్లీ మొదలెట్టాల. నెల పైన పడతాది. పండగ మంగళారం. పండగ ఆపితే ఊరు ఊరుకోదు. సిల్లెందుకు పడిందిరా అని అడుగుతారు."

చేసిన పాపం చెబితే పోతుందని పిల్లలకి పాఠం చెప్పే మనిషిని నేను. ఎవరు అడుగుతారో, ఎలా అడుగుతారో, వాళ్ళ చేతుల్లో ఏముంటుందో అన్నీ ఒక్క క్షణంలో కళ్ళకి కట్టాయి. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉంది. "మూసెయ్యి తాతా" అన్నాను.

ఆయన తల ఊపాడు. మిగిలిన తుక్కు వెండితో చిల్లు పూడ్చి, దానిమీద జొన్నగింజంత పూస అతికించాడు. ముక్కుపుడక అయింది. అతికించినంతసేపూ ఏదో గొణుక్కుంటూనే ఉన్నాడు. అమ్మవారికి క్షమాపణ చెప్పుకుంటున్నాడని అర్థమైంది.

పండగనాడు ఊరంతా ఆ ముక్కుపుడక గురించే. "ముక్కుపుడక సూసేరా, ఎంత కళొచ్చిందో తల్లికి!" అని ఆడవాళ్ళు మురిసిపోయారు. పెద్దరైతు నగిషీ తాత మెడలో పూలదండ వేశాడు. డప్పుల మధ్య ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నా భార్య కొబ్బరికాయ కొట్టించి, కళ్ళు మూసుకుని కడుపు మీద చెయ్యి వేసుకుంది. నేను దేవత మొహంకేసి చూడలేక ఆ తల్లి పాదాలకేసి చూస్తూ ఉండిపోయాను. నన్నేమైనా చెయ్యి, పుట్టబోయేదాని జోలికి రాకు అని అడిగాను. ఆ పక్షమంతా అదే అడిగాను.

పదిహేను రోజులు తిరక్కుండా మా వీధి చివరింట్లో పిల్లాడికి జ్వరం వచ్చింది. మూడోరోజుకి ఒంటినిండా ముత్యాలు. ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారు. మర్నాడు ఇంకో గుమ్మానికి. ఆ తరవాత వేపమండలు లెక్కపెట్టడం మానేశాను. బడి మూసేశారు. అమ్మవారు ఇంట్లో ఉండగా తాలింపు వెయ్యకూడదంటారు కదా, మా వీధిలో పోపు చిటపటలు ఆగిపోయాయి. పొద్దున్న పూట అంత నిశ్శబ్దాన్ని నేనెప్పుడూ వినలేదు. టీకాలు వేసేవాళ్ళు వస్తే సగం ఇళ్ళు తలుపులు గడియ పెట్టుకున్నాయి. రోజూ లేవగానే నా భార్య చేతులూ మెడా వెలుతురులో చూసేవాణ్ణి. చూస్తున్నానని తెలియకుండా చూసేవాణ్ణి. ఆవిడకి తెలుసు.

నగిషీ తాత ఆ రోజుల్లో దేన్నీ కొట్టి చూడలేదు. నేను గమనించాను. చేతులు రెండూ చంకల్లో దోపుకుని తిరిగేవాడు. మా ఇంటి ముందుకు వచ్చి, గుమ్మం తట్టకుండా దూరంగా నిలబడి, "అమ్మ బాగుందా మాస్టరూ?" అని అడిగేవాడు. బాగుందంటే వెళ్ళిపోయేవాడు. అంతకుమించి మా మధ్య మాటలు లేవు. ఇద్దరం ఒకే తాడుతో ఉరి బిగించుకున్న మనుషుల్లా ఉన్నాం.

ఒక ఆదివారం పొద్దున్న గుడి ముందు అందరినీ రమ్మన్నారు. అమ్మవారు ఒంటి మీదికి వచ్చి పలికే గణాచారి జుట్టు విరబోసుకుని ఊగుతోంది. ఆవిడకి ఇద్దరు మనవలు జ్వరంతో ఉన్నారు. ఊగి ఊగి ఒక్కసారి ఆగిపోయింది.

"నా మొకంలోంచి ఊపిరి పోతందిరా" అంది.

ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి లోకంలో ఇద్దరమే ఉన్నాం. ఇప్పుడు నాకు చదువుంది, వయసుంది, దానికి నాలుగు కారణాలు చెప్పగలను. ఆ పొద్దున్న ఒక్కటీ తోచలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నాకు తెలియకుండానే నా చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

పెద్దరైతు నగిషీ తాతని ముందుకి పిలిచాడు. "పనిలో ఏటైనా లోపం జరిగిందేటి? ఉన్నదున్నట్టు సెప్పు" అన్నాడు.

"జరిగింది" అన్నాడు ఆయన వెంటనే. "ముక్కు మీద సిల్లు పడింది. పుడక ఎట్టి మూసీసేను. తప్పు నాదే."

గుంపు ఒక్కసారి కదిలింది. ఎవరో ఏడుపు అందుకున్నారు. ఎవరో రాయి వెతికారు. పెద్దరైతు చెయ్యి అడ్డంపెట్టి, "నీ సేతిలో ఎప్పుడూ పడని సిల్లు ఇప్పుడెలాగ పడింది?" అన్నాడు. ఇంతలో వెనకనుంచి ఒక గొంతు వచ్చింది.

"మాస్టారు రోజూ ఆ పాకలోనే కూకునీవోరు కదా. ఆయనేటైనా మాటల్లోకి దింపేరేటి?"

తలలన్నీ నావైపు తిరిగాయి. "అవును" అనే మాట రెండక్షరాలో మూడక్షరాలో కూడా గుర్తు రాలేదు. నా భార్య ఆడవాళ్ళలో నిలబడి ఉంది. ఆవిడ వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఏమో.

నగిషీ తాత నవ్వాడు. ఆ నవ్వు ఎలా వచ్చిందో ఆ మనిషికి.

"మాటలా? మాటలాడితే మాత్తరం నాకేటి ఇనబడతాది బాబూ? నా ఎడం సెవి సచ్చిపోయి రెండేళ్ళు దాటిపోనాది. మాస్టారు కూకునీది ఆ పక్కే. ఆయన నోరు మెదిపినా నాకు తెల్దు. సెవి పోనాదని సెప్తే పనివ్వరని దాసీసేను. రేకు గొంతు ఇనబడక కొట్టీసేను. సిల్లు పడింది."

"మరి సంతలో కుండలు కొట్టి సెప్పీవోడివి?" అన్నారెవరో.

"పగిలిన కుండ కంటికే తెల్దేటి? సెవి వంచడం పాత అలవాటు. మిమ్మల్ని మోసం సేసేను."

జనం నమ్మారు. కోపంలో ఉన్నవాడు దొరికినదాన్ని నమ్ముతాడు. ఒకావిడ ఆయన మొహాన ఉమ్మింది. రాళ్ళు లేవకుండా పెద్దరైతు ఆపాడు, అది ఆయన పుణ్యం. ఇకమీద దేవుడి పని ముట్టుకోవద్దన్నారు. వెండి మొహాన్ని గుడ్డలో చుట్టి పై ఊరి పనివాడికి పంపారు. తలా ఒక పక్కకి వెళ్ళిపోయాక నగిషీ తాత ఒక్కడూ ఎండలో నిలబడి ఉన్నాడు. నేను ఆయన దగ్గరికి వెళ్ళలేదు.

ఇంటికి వస్తూ దారిలో నా భార్య మెల్లగా అంది. "మన గోడ డొల్లని చెప్పింది పోయినేడే కదండీ?"

ఆవిడ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు, చనిపోయేదాకా.

వానలు పడ్డాక జ్వరాలు తగ్గాయి. టీకాలవాళ్ళ వల్లనో, వచ్చినదారినే పోయిందో, ఎవరికి తోచింది వాళ్ళన్నారు. ఆషాఢంలో మాకు ఆడపిల్ల పుట్టింది, ఒంటి మీద మచ్చలేదు. దాన్ని చూసుకుని నేను ఏడ్చిన ఏడుపు సంతోషమేనని అందరూ అనుకున్నారు.

నగిషీ తాతకి ఆ తరవాత ఎవరూ పని ఇవ్వలేదు. దేవుడి పనే కాదు, బిందె సొట్ట కూడా. చెవి లేనివాడికి ఎవరిస్తారు? సంతలో కుండల దగ్గర ఆయన్ని ఆపేవాళ్ళు లేరు. పిల్లలు చెవి దగ్గరకెళ్ళి "తాతా!" అని బొబ్బలు పెట్టి పరిగెత్తేవారు. ఆయన ఉలిక్కిపడకుండా నడిచిపోయేవాడు. అలా ఉలిక్కిపడకుండా ఉండడం ఎంత కష్టమైన పనో మీరొకసారి ప్రయత్నించి చూడండి. పెద్దవాళ్ళు ఆయనతో అరిచి మాట్లాడేవారు. సిగ్గు విడిచి చెపుతున్నాను, నేనూ అరిచేవాణ్ణి. నలుగురూ చూస్తూండగా "బాగున్నావా తాతా!" అని వీధి అవతలికి వినబడేలా అరిచాను. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని "ఏటీ?" అన్నాడు. నా కోసం.

దీపావళికి ముందు ఆయన బుచ్చయ్యపేటలో కూతురి దగ్గరకి వెళ్ళిపోతున్నాడని తెలిసింది. పొద్దున్నే పిల్లని ఎత్తుకుని పాకకి వెళ్ళాను. గుగ్గిలం చెక్క గోడకి ఆనించి ఉంది. ఆయన నావైపు వీపు పెట్టి ఉలుల్ని గోనెలో సర్దుకుంటున్నాడు. నా పీట అక్కడే ఉంది. ఎడమ పక్కన. కూచున్నాను. క్షమించమనడానికి వెళ్ళాను, నోరు రాలేదు. అడగకూడని చోట ఆడిన నోరు అడగవలసిన చోట మూసుకుపోయింది.

ఆయన ఉలులు సర్దుతూ సర్దుతూ, తల తిప్పకుండా మొదలుపెట్టాడు.

"నగిషీ అన్న మాట మాది కాదు మాస్టరూ. మా తాత ఆ మాట ఎరగడు. నవాబుల కొలువుల్లో పనిసేసి వొచ్చినోళ్ళు అట్టుకొచ్చేరు. అది పైనుంచి గీసిన పని. గీత తప్పితే పక్కన ఇంకో గీత గీసి సర్దీసుకోవొచ్చు. మాదాన్ని మావోళ్ళు ఎత్తు అనీవోళ్ళు. ఎనకనుంచి ఎత్తీది. దీనికి దిద్దుబాటు నేదు. సూసీవోళ్ళకి రెండూ ఒకటే కదా, రెండింటికీ నగిషీ అనీసేరు. మాకూ అదే పేరు అంటుకుపోనాది."

గోనె మూతి కట్టాడు. ముడి బిగించాక నావైపు తిరిగాడు.

"ఆ రోజు అడిగేవు కదా. రాసుకో" అన్నాడు.

పిల్ల దగ్గరికి వచ్చి బొటనవేలితో దాని ముక్కు కొసని ముట్టుకున్నాడు. రేకుని ముట్టుకున్నంత మెత్తగా, అంత నిదానంగా. "ముక్కు బాగొచ్చింది" అన్నాడు. గోనె భుజానికెత్తుకుని బండి ఆగిన చోటికి నడిచిపోయాడు.

రెండేళ్ళ తరవాత స్టాఫ్ రూములో ఎవరో అన్నారు, "మన చెవిటి తాత లేడూ, నగిషీ పని చేసేవాడు, బుచ్చయ్యపేటలో పోయాడట పాపం" అని. అందరూ అయ్యో అన్నారు. నేనూ అయ్యో అన్నాను. ఆ గదిలో నా భయం ఇంకా బతికే ఉంది. ఇప్పుడు చెప్పి ఏం లాభం అంది. నేను విన్నాను. ఆ తరవాత ప్రతి ఏడూ అదే మాట చెప్పింది, ప్రతి ఏడూ విన్నాను.

నల్ల అట్ట నోటుబుక్కు పుస్తకం కాలేదు. పెట్టె అడుగున ఉంది. నకారంలో నగిషీ ఎదురుగా ఆయన చెప్పినదంతా పొల్లుపోకుండా రాసి ఉంది. ఎవరు చెప్పారో, ఎప్పుడు అడిగితే చెప్పారో రాయలేదు. ఆ రెండు వాక్యాల చోటు ఖాళీగా వదిలాను.

మనవరాలు శుభలేఖల మీద పేర్లు రాయమని కలం ఇచ్చి వెళ్ళింది. మొదటి పేరు రాసేముందు నోటుబుక్కు తీసి ఆ ఖాళీ పూరించాను. నేను ఆ మాట ఒక్కసారే అడిగాను, లోగొంతుకతో, ఆయన ఎడమ పక్క కూచుని, సుత్తి ఆడుతుండగా. ఆయనకి వినబడింది.